లైబ్రరీ కోసం ఎమ్మెల్యే గారిని కలవబోతున్నాం. వినతిపత్రంలో ఏం రాయాలి?

రీడింగ్‌రూమ్ బ్యాచ్, దేవరకొండ వైపు:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు ఒక మండల కేంద్రం. ఇక్కడి శాఖా గ్రంథాలయంలో గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదువుకునేవాళ్లం ముప్పై మంది దాకా ఉంటాం. సగం మంది ఆడపిల్లలమే. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్ ఫీజు కట్టి చదివే స్థోమత మాకెవరికీ లేదు. ఇంట్లో కూర్చుందామంటే టీవీ, వచ్చేపోయే చుట్టాలు, "ఇంకా ఎన్నేళ్లు చదువుతవే" అనే మాటలు. అందుకే పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఆ రెండు గదుల్లోనే మా బతుకు.

అక్కడి సంగతి ఇదీ. ఒకప్పుడు ఆరు పేపర్లు వచ్చేవి, ఇప్పుడు రెండే. ఏజెంట్‌కు బిల్లు రాలేదట, పాపం ఆ రెండూ ఆయన మొహమాటానికి వేస్తున్నాడు. బాత్రూమ్‌కు నీళ్లు లేక తాళం వేశారు, ఆడపిల్లలం ఎదురింటి ఆంటీ వాళ్లింటికి పోయి వస్తాం. బీరువాలో ఉన్న జాగ్రఫీ పుస్తకంలో రాష్ట్రానికి ఇంకా 23 జిల్లాలే. లైబ్రేరియన్ సార్‌కు ఇంకో మండలం కూడా ఇన్‌ఛార్జి ఇచ్చారు, రోజు విడిచి రోజు వస్తారు.

వచ్చే నెల రోడ్డు శంకుస్థాపనకు మా ఎమ్మెల్యే గారు వస్తున్నారు. తెలిసిన ఒక పెద్దమనిషి పది నిమిషాలు మాట్లాడిస్తానన్నాడు. బడ్జెట్ సమావేశాలు కూడా దగ్గర పడ్డాయి కాబట్టి మంచి సమయమే అనుకుంటున్నాం. కానీ ఏం అడగాలో మాలో మాకే కుదరడం లేదు. కొందరు శాలువా కప్పి "తగినన్ని నిధులు మంజూరు చేయగలరు" అని ఒక్క ముక్క రాస్తే చాలంటున్నారు. కొందరు ఏసీ నుంచి కంప్యూటర్ల దాకా పదిహేను డిమాండ్లు రాశారు. నా అనుమానం వేరు. అసలు లైబ్రరీ పైసలు ఎమ్మెల్యే చేతిలో ఉంటాయా? లైబ్రరీ చట్టం మార్చాలని కూడా ఎవరో అన్నారు. ఆ చట్టంలో ఏముంది? తెలిసినవాళ్లు జర వివరంగా చెప్పండి.

ఛాయ్‌బండి, మిర్యాలగూడ:

ఎందుకంత టెన్షన్? శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, అయిపోతుంది. మీ లైబ్రరీలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు చైర్మన్ అంటే నామినేటెడ్ పదవి. ఏ ప్రభుత్వం వస్తే ఆ ప్రభుత్వం మనిషి కూర్చుంటాడు. ప్రమాణ స్వీకారానికి కట్టే ఫ్లెక్సీల ఖర్చుతో మీ పేపర్ బిల్లు ఏడాది నడుస్తుంది. తలా వంద వేసుకుని పేపర్లు తెప్పించుకోండి. చదువుకునే టైమ్‌లో ఈ తిరుగుడు ఎందుకు?

రిటైర్డ్ లైబ్రేరియన్, నల్లగొండ:

అమ్మా, నేను ఉమ్మడి నల్లగొండ జిల్లా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైర్ అయినవాణ్ని. ఛాయ్‌బండి గారు ఫ్లెక్సీల గురించి అన్నది నేను కాదనను. తలా వంద వేసుకోమన్నది మాత్రం ఒప్పుకోను. మీరు ఇప్పటికే కట్టారు. రెండోసారి ఎందుకు కట్టాలి?

ఇంట్లో ఇంటి పన్ను రసీదు ఉంటే తీసి చూడండి. ఇంటి పన్ను కింద గ్రంథాలయ సెస్సు అని ఇంకో పద్దు ఉంటుంది. రూపాయికి ఎనిమిది పైసలు. వెయ్యి రూపాయల పన్ను పడే ఇల్లు ఎనభై రూపాయలు లైబ్రరీకి కడుతున్నట్టు. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఏడాదికి కోటి రూపాయల ఇంటి పన్ను వసూలయ్యే మున్సిపాలిటీ ఎనిమిది లక్షలు పంపాలన్నమాట. ఇది ఎవరి దయా కాదు, 1960 గ్రంథాలయాల చట్టం పెట్టిన పన్ను. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతానికి 1948 నాటి మద్రాసు చట్టం, మనకు 1955 నాటి హైదరాబాద్ చట్టం ఉండేవి. రెండింటి స్థానంలో 1960 చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తీసుకుంది.

రెగ్యులర్ సిబ్బంది జీతాలు ప్రభుత్వ బడ్జెట్ నుంచి వస్తాయి. బడ్జెట్ పుస్తకాల్లో 2205 పద్దు కింద 105 అని పబ్లిక్ లైబ్రరీలకు ఒక చిన్న పద్దు కనిపిస్తుంది, అదీ. పుస్తకాలు, పేపర్లు, అద్దె, కరెంటు, బల్లలు, కుర్చీలు ప్రధానంగా సెస్సు మీదే నడవాలి. కాబట్టి మీ ఊళ్లో ఆరు పేపర్లు రెండయ్యాయంటే, ప్రభుత్వం దగ్గర నిధులు లేవనే ముందు, మీ పేరు మీద వసూలైన పైసలు ఎక్కడ ఆగాయో చూడాలి. "నిధులు మంజూరు చేయగలరు" అని రాస్తే, లేని పైసలు కొత్తగా ఇవ్వమని బతిమాలినట్టు అవుతుంది. "వసూలైన సెస్సు ఎంత, జమ అయింది ఎంత, మిగతాది ఎప్పుడిస్తారు" అని అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

ఇక వినతిపత్రం ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. ఎమ్మెల్యే గారు తీసుకుని నవ్వి పీఏకి ఇస్తారు. మంచి పీఏ అయితే "తగు చర్య నిమిత్తం" అని రాయించి కలెక్టరేట్‌కు పంపిస్తాడు. అక్కడి నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పోతుంది. కార్యదర్శి ఆఫీసు నుంచి "రిమార్కులు పంపండి" అంటూ మళ్లీ అదే శాఖా గ్రంథాలయానికి వస్తుంది. నేను పనిచేసిన లైబ్రరీ బాగాలేదని జనం ఇచ్చిన కాగితాలకు నేనే రిమార్కులు రాశాను. "పాఠకులు తెలిపిన విషయము వాస్తవము. నిధులు లేనందున..." అని రాసి పంపేవాణ్ని. అక్కడితో ఫైలు మూత.

కదిలించేది ఒకటుంది. మా ఆఫీసు భాషలో దాన్ని ఎల్‌ఏక్యూ అంటాం, అంటే శాసనసభలో వచ్చే ప్రశ్న. సభలో ఒక సభ్యుడు గ్రంథాలయ సెస్సు మీద ప్రశ్న వేశాడంటే హైదరాబాద్‌లో డైరెక్టర్ ఆఫీసు నుంచి ప్రతి జిల్లాకు ఫోన్లు వస్తాయి. సాయంత్రం లోపల లెక్క కావాలంటారు. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని సెస్సు రిజిస్టర్ ఆరోజు తెరుస్తారు. మున్సిపల్ ఆఫీసుకు, పంచాయతీ కార్యదర్శులకు ఉరుకులు పరుగులు. సభకు తప్పుడు లెక్క ఇస్తే హక్కుల ఉల్లంఘన అవుతుందన్న భయం ఒకటి. సభలో మంత్రి చెప్పిన జవాబు శాశ్వతంగా రికార్డులో ఉండిపోతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. మీ ఎమ్మెల్యే గారిని అడగాల్సింది ఇదే. ఆయన జేబులోంచి ఒక్క రూపాయి అక్కర్లేదు. ఒక ప్రశ్న వేస్తే చాలు.

అయితే ఎమ్మెల్యేలకు లైబ్రరీ సెస్సు గురించి తెలిసి ఉండాలని లేదు. ప్రశ్న మీరే రాసి ఇవ్వాలి. అందులో అంకె ఉండాలి. అంకె కోసం సమాచార హక్కు కింద రెండు దరఖాస్తులు పెట్టండి. ఒకటి జిల్లా పంచాయతీ అధికారి ఆఫీసుకు, ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థకు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మీ మండలంలో సెస్సు డిమాండ్ (అంటే రావాల్సింది) ఎంత, వసూలు ఎంత, జమ ఎంత అని మాత్రమే అడగండి. "ఎందుకు జమ చేయలేదు" అని అడగకండి. ఎందుకు అన్న ప్రశ్నకు సమాచారం లేదని రాసి పంపిస్తారు. రెండు ఆఫీసుల లెక్కలు ఎలాగూ కలవవు. ఆ తేడాయే మీ ఆయుధం.

బాత్రూమ్ సంగతి దీంతో కలపొద్దు. అది వేరే కాగితం మీద రాయండి. నియోజకవర్గ అభివృద్ధి నిధితో బోరు, బాత్రూమ్ లాంటి పనులు ఆయన చేయించగలరు, శిలాఫలకం మీద పేరూ పడుతుంది. ఏ నాయకుడికైనా అది ఇష్టమే, అందులో తప్పు లేదు. కానీ ఆ నిధితో పేపర్ బిల్లు కట్టలేరు. రెండూ ఒకే కాగితం మీద ఉంటే సులువైనది చేసి, కష్టమైనది వదిలేస్తారు.

ఇంకొక మాట. 1931లో రెండో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మీ దేవరకొండలోనే జరిగింది. అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు గారు. ఆయనే తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు, 1955 గ్రంథాలయ చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. ఈ ముక్క రెండు వాక్యాల్లో రాసి ఇవ్వండి. సభలో లేచి మాట్లాడేటప్పుడు ఎమ్మెల్యేకి మొదటి వాక్యం దొరకడమే కష్టం. అది మీరే అందించినట్టు ఉంటుంది.

ఛాయ్‌బండి, మిర్యాలగూడ:

సార్, సెస్సు సంగతి నాకు నిజంగా తెలియదు. మా రసీదు చూశాను, ఉంది. ఇన్నేళ్లు అది వీధి దీపాల పన్నేమో అనుకున్నా.

మక్తల్ టీచర్:

లైబ్రేరియన్ సార్ చెప్పినదానికి ఇంకో దారి కలుపుతాను. అందరూ ఎమ్మెల్యే చుట్టూ తిరుగుతారు, ఎమ్మెల్సీని మర్చిపోతారు. మీ నల్లగొండ వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గంలో ఉంది. మా వైపు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్. ఎమ్మెల్యేకి లక్షల ఓట్లలో మీ ముప్పై ఓట్లు లెక్కలోకి రావు. పట్టభద్రుల ఎమ్మెల్సీ సంగతి వేరు. ఆయన ఓటర్లు ఎవరు? డిగ్రీ చదివి ఉద్యోగం కోసం లైబ్రరీలో కూర్చున్న మీరే. జిల్లాలో ఏ రీడింగ్ రూమ్‌కు పోయినా ఆయనకు ఓటు బ్యాంకే కనిపిస్తుంది. శాసనమండలిలో కూడా ప్రశ్న వేయొచ్చు, ప్రత్యేక ప్రస్తావన చేయొచ్చు.

కానీ మీలో ఎంతమంది ఆ ఓటరు జాబితాలో ఉన్నారు? పట్టభద్రుల జాబితా ప్రతి ఎన్నికకు కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి పేరుంది కదా అంటే చెల్లదు. ఓటరు నమోదు ఫారం 18 మళ్లీ నింపాలి, డిగ్రీ అయి మూడేళ్లు నిండి ఉండాలి. మా ఊళ్లో లైబ్రరీకి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. వినతిపత్రం కింద సంతకాలు పెట్టించేటప్పుడు పేరు పక్కన "పట్టభద్రుల ఓటరు" అని రాయించండి. ఎమ్మెల్సీ చదివేది ముందు ఆ మాటే.

చట్టం మార్చాలన్న మాట మీద. కొందరు సెస్సు రేటు పెంచమంటారు. నేను వద్దంటాను. తమిళనాడులో రూపాయికి పది పైసలు, కర్ణాటకలో ఆరు. మనది ఎనిమిది, మధ్యలో ఉన్నాం. రాయచూరు మాకు నల్లగొండ కన్నా దగ్గర, అటు పోయి వస్తుంటాం. మనకన్నా తక్కువ సెస్సు ఉన్న కర్ణాటకలో గ్రామ పంచాయతీ స్థాయిలోనే ఐదు వేలకు పైగా లైబ్రరీలు ఉన్నాయి. వాటిని పంచాయతీరాజ్ శాఖ కిందికి తెచ్చి 'అరివు కేంద్ర' అని పేరు పెట్టారు. అన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయని చెప్పను. నేను చూసిన ఒకదాంట్లో టీవీ మాత్రమే కొత్తది. కానీ పంచాయతీ ఆఫీసువాళ్లు అక్కడ లైబ్రరీని తమదే అనుకుంటారు. మన దగ్గర సెస్సు వసూలు చేసేది పంచాయతీరాజ్, మున్సిపల్ శాఖల కింద, లైబ్రరీ ఉండేదేమో విద్యాశాఖ కింద. వసూలు చేసేవాడికి లైబ్రరీతో పనిలేదు, లైబ్రరీవాడికి వసూలు మీద అధికారం లేదు. మార్చాల్సింది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది.

ఇంకొకటి, కోల్‌కతాలో 1972 నుంచి రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అని కేంద్ర సంస్థ ఉంది. రాష్ట్రం తన వాటా పెడితే వాళ్లు జత గ్రాంటు ఇస్తారు, పుస్తకాలకు ముఖ్యంగా. రాష్ట్రం వాటా పెట్టకపోతే ఆ మేరకు కేంద్రం పైసలు కూడా పోతాయి. బడ్జెట్ మీద మాట్లాడే సభ్యుడికి ఇది మంచి పాయింట్. "ఒక రూపాయి పెట్టనందుకు ఇంకో రూపాయి పోగొట్టుకుంటున్నాం" అంటే ఆర్థిక మంత్రికీ అర్థమవుతుంది.

మాజీ సర్పంచ్, అచ్చంపేట దగ్గర:

లైబ్రేరియన్ సార్ మీద గౌరవంతోనే చెప్తున్నా. సెస్సు దాచుకుని మేము తిన్నట్టు మాట్లాడకండి. ఒక్కసారి పంచాయతీలో కూర్చుని చూడండి. మాది చిన్న పంచాయతీ. ఇంటి పన్ను మార్చిలో తప్ప ఎవరూ కట్టరు, కట్టినా సగం. సఫాయి కార్మికుల జీతం, వీధి లైట్ల కరెంటు బిల్లు, ట్రాక్టర్ కిస్తీ, డీజిల్. ఈ నాలుగింటికే వచ్చిందంతా పోతుంది. కార్మికుడికి జీతం ఆపితే ఊరంతా కంపు కొడుతుంది, నా ఇంటి ముందుకే వస్తారు. లైబ్రరీ సెస్సు ఆపితే ఎవరూ రారు. ఇదే నిజం.

ఇంకో నిజం చెప్తా వినండి. నేను ఒక ఏడాది సెస్సుకు చెక్కు రాసి పంపించా. ట్రెజరీలో నెలల తరబడి పాస్ కాలేదు. ఫ్రీజింగ్ అన్నారు. పంచాయతీ ఖాతాలో పైసలు ఉన్నా ట్రెజరీ దాటి పోవు. మీరు సమాచార హక్కు కింద అడిగితే మా దగ్గర "పంపాం" అని ఉంటుంది, గ్రంథాలయ సంస్థ దగ్గర "రాలేదు" అని ఉంటుంది. రెండూ అబద్ధం కాదు. కాబట్టి ఎమ్మెల్యేని అడిగేటప్పుడు ఒక్క పంచాయతీలనే దోషిగా నిలబెట్టకండి. ఆర్థిక శాఖను కూడా లాగండి. లేకపోతే రేపు మీ ప్రశ్న వల్ల చిన్న పంచాయతీ కార్యదర్శికి మెమో వస్తుంది, పైసలు మాత్రం కదలవు.

రిటైర్డ్ లైబ్రేరియన్, నల్లగొండ:

సర్పంచ్ గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను. చిన్న పంచాయతీలు తిన్నాయని నేను అనలేదు, అనను కూడా. పెద్ద బకాయిలు ఉండేది మున్సిపాలిటీల్లో, కార్పొరేషన్లలో. ట్రెజరీ సంగతి మాత్రం నేను రాయాల్సింది, మీరు చెప్పడం మంచిదైంది.

అందుకే చట్టంలో గానీ నిబంధనల్లో గానీ ఒకటే మార్పు అడగమంటాను. ఇప్పుడు చాలాచోట్ల ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కడుతున్నారు. జనం కట్టిన క్షణంలోనే ఆ ఎనిమిది పైసలు విడిపోయి నేరుగా జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడాలి. పంచాయతీ ఖాతాలోకి రాకూడదు, ట్రెజరీలో ఆగకూడదు. అప్పుడు సర్పంచ్‌కు మాట పడదు, కార్యదర్శికి మెమో పడదు. దీనికి కొత్త పన్ను అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక ఉత్తర్వు, సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు. ఎమ్మెల్యేలకు ఇలాంటి ఖర్చులేని డిమాండ్ ఇస్తే ముందుకు వస్తారు. అడగ్గానే "ఆర్థిక శాఖ ఒప్పుకోదు" అని తప్పించుకోవడానికి వీలుండదు కదా.

కొలంబస్ నుంచి, సొంతూరు కల్వకుర్తి:

అక్కా, నేను ఇక్కడ ఒహాయోలో ఉంటున్నాను. ఇక్కడ పబ్లిక్ లైబ్రరీలకు రాష్ట్ర ఖజానా నుంచి ఒక ప్రత్యేక నిధి వస్తుంది. 2009 జూన్‌లో మాంద్యం వల్ల బడ్జెట్‌కు గండి పడితే, అప్పటి గవర్నర్ స్ట్రిక్‌ల్యాండ్ ఆ నిధికి పెద్ద కోత ప్రతిపాదించాడు. లైబ్రరీలకు వచ్చే జనం శాసనసభ్యులకు ఫోన్లు, ఈమెయిళ్లతో ఊపిరి ఆడనివ్వలేదు. చివరికి కోత పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది. నేను అప్పటికి రాలేదు, మా లైబ్రరీలో పనిచేసే ఒకామె చెప్పింది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో లైబ్రరీ సంఘాలవాళ్లు ఏటా ఒక రోజు పెట్టుకుని శాసనసభ్యుల ఆఫీసులకు పోయి కూర్చుంటారు. అపాయింట్‌మెంట్ తీసుకుని, కాగితం చేతిలో పెట్టి, రెండు నిమిషాల్లో విషయం చెప్పి వస్తారు.

అదంతా మన దగ్గర నడవదు, తెలుసు. నాకు నచ్చింది ఒకటే. వాళ్లు ఉద్యోగులను వెనక ఉంచి, లైబ్రరీ వాడుకునేవాళ్లను ముందు కూర్చోబెడతారు. మీరు ముప్పై మందీ పోతే "నిరుద్యోగులు వచ్చారు" అనుకుంటారు. రోజూ పేపర్ చదవడానికి వచ్చే ఒక పెన్షనర్ తాతను తీసుకుపోండి. బిల్లు రాని పేపర్ ఏజెంట్‌ను తీసుకుపోండి. ఆయన తన బాకీ లెక్క తానే చెప్తాడు, మీరు మాట్లాడాల్సిన పనే లేదు. ఎమ్మెల్యే సాయం చేస్తే మర్నాడే థాంక్స్ చెప్తూ పోస్టు పెట్టండి. పని అయ్యాక మళ్లీ కనపడేవాళ్లు తక్కువ, వాళ్లను గుర్తుపెట్టుకుంటారు.

రీడింగ్‌రూమ్ బ్యాచ్, దేవరకొండ వైపు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అందరం కూర్చుని పదిహేను డిమాండ్ల కాగితం పక్కన పెట్టేశాం. శాలువా మాత్రం వద్దంటే మా పెద్దమనిషి ఒప్పుకోవడం లేదు, "ఉత్త చేతులతో ఎట్ల పోతరు" అంటున్నాడు. సరే, శాలువా ఆయన ఖర్చు.

సమాచార హక్కు దరఖాస్తులు రెండూ పోస్టు చేశాం. శంకుస్థాపనలోపు జవాబు రాకపోవచ్చు. అంకె లేకుండానే మొదట కలిసి, అంకె వచ్చాక మళ్లీ కలవాలనుకుంటున్నాం. పేపర్ ఏజెంట్ అన్న వస్తానన్నాడు. పెన్షనర్ తాత రిటైర్డ్ హెడ్మాస్టర్, ఆయన మాట్లాడితే పది నిమిషాలు ఆయనకే సరిపోతాయి, అదొక్కటే భయం. పట్టభద్రుల ఓటరు జాబితా అడిగితే మాలో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పని ఒక తమ్ముడికి అప్పజెప్పాం. బాత్రూమ్, బోరు కాగితం వేరుగా రాశాం.

సార్, ప్రశ్న మేమే రాశాం. చూసి చెప్పండి:

"విద్యాశాఖ మంత్రి ఈ కింది విషయాలు తెలుపుతారా: (అ) నల్లగొండ జిల్లాలో స్థానిక సంస్థలు వసూలు చేసిన గ్రంథాలయ సెస్సు పూర్తిగా జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావడం లేదన్న మాట వాస్తవమేనా, (ఆ) అయితే గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో వసూలైన సొమ్ము, జమ అయిన సొమ్ము, ట్రెజరీల్లో ఆగిన సొమ్ము ఎంత, (ఇ) గ్రామీణ నిరుద్యోగ యువత ఎదుర్కొంటున్న తీవ్ర ఇబ్బందుల దృష్ట్యా ఈ బకాయిలు విడుదల చేసేందుకు ప్రభుత్వం తగిన చర్యలు తీసుకుంటుందా?"

రిటైర్డ్ లైబ్రేరియన్, నల్లగొండ:

(అ) బాగుంది. (ఆ)లో "మండలాల వారీగా, మున్సిపాలిటీల వారీగా" అని కలపండి. లేకపోతే జిల్లా మొత్తానికి ఒకే అంకె చెప్పి కూర్చుంటారు, మీ మండలం అందులో కనపడదు. ట్రెజరీ మాట పెట్టడం మంచి పని, సర్పంచ్ గారు చూస్తే సంతోషిస్తారు.

(ఇ) మార్చాలి. నిరుద్యోగ యువత, తీవ్ర ఇబ్బందులు తీసేయండి. ప్రశ్నలో వాదన ఉంటే శాసనసభ సచివాలయం వాళ్లే కత్తిరిస్తారు. "తగిన చర్యలు తీసుకుంటుందా" అంటే "అవును, తీసుకుంటుంది" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. దాని బదులు, "ఆ బకాయిలు ఏ తేదీలోగా జమ చేయిస్తారు, పన్ను చెల్లింపు సమయంలోనే సెస్సు నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాకు చేరేలా ఉత్తర్వులు ఎప్పటిలోగా ఇస్తారు" అని రాయండి. ఎప్పటిలోగా అన్నది తప్పకుండా ఉండాలి. అది లేకపోతే "అంశం పరిశీలనలో ఉంది" అని రాసిచ్చేస్తారు, ఆ జవాబులు తయారు చేసిన ఆఫీసుల్లో నేను ఉన్నాను.

ఇంకొక కాపీ పంచాయతీరాజ్ మంత్రి పేరు మీద తయారు చేసి ఎమ్మెల్సీ గారికి ఇవ్వండి. విద్యాశాఖ "అది మాది కాదు, పంచాయతీరాజ్‌ది" అంటే అక్కడ కూడా అదే ప్రశ్న ఎదురు చూస్తూ ఉండాలి. సమావేశాలు దగ్గర పడ్డాక ఇస్తే నోటీసు గడువు దాటిపోవచ్చు. శంకుస్థాపన రోజే పీఏ గారి ఫోన్ నంబర్ తీసుకుని, ప్రశ్న టైపు చేసిన కాగితం ఆయనకు కూడా ఒకటి ఇవ్వండి. హెడ్మాస్టర్ తాతకు ముందే చెప్పి పెట్టండి, ఆయన చివర మాట్లాడాలి.